అందరూలకు మాత్రమే ప్రవేశం

ఈ కథలో అమ్మాయి పేరు ప్రసూన. ఇంటిపేరు చెప్పదలచుకోలేదు. చెబితే మీరు కథ అక్కడ ఆపేసి, "ఓహో, వాళ్ళా!" అని వేరే లెక్క మొదలుపెడతారు. ఆ లెక్క పుట్టుకతో వచ్చే విద్య, దానికి యూనివర్సిటీ అక్కర్లేదు. అయినా చినరేవు విశ్వవిద్యాలయం వారు ఆ విద్యకి కూడా ఒక శాఖ పెట్టారు. పొరపాటున పెట్టారు. కథంతా ఆ పొరపాటే.

ఆ మధ్య ఎక్కడ చూసినా సుస్థిర నగరాల గాలి వీచింది. చినరేవులో నగరమే లేదు. ఉన్నదల్లా ఒక పాడుబడ్డ రేవు, రెండు సినిమా హాళ్ళు, బస్టాండు, బస్టాండులో పందులు. అయినా పక్క జిల్లా వాళ్ళు పెట్టారు కనుక ఇక్కడా ఒక శాఖ పెట్టారు. ఇంగ్లీషులో దాని పేరు కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అండ్ సస్టైనబుల్ సిటీస్. బోర్డులన్నీ తెలుగులో ఉండాలని ఉత్తర్వు రావడంతో ఆ పేరు అనువాదం కోసం పరిపాలనా భవనానికి వెళ్ళింది. అక్కడి వాళ్ళకి కమ్యూనిటీ అనే మాట కొత్త కాదు. కమ్యూనిటీ సర్టిఫికెట్ తెచ్చావా అంటారు, ఆయన మా కమ్యూనిటీయే అంటారు. కులం అనడానికి మొహమాటమైన చోటల్లా పెద్దమనుషులు వాడే మాట అదే కదా. అంచేత ఏ సందేహమూ లేకుండా "సామాజిక వర్గ అభివృద్ధి మరియు సుస్థిర నగరముల శాఖ" అని బోర్డు రాయించేశారు. శాఖాధిపతి ఆచార్య త్రివిక్రమం గారు ఆ బోర్డు కింద నిలబడి ఫోటో తీయించుకున్నారు. బోర్డు చదివారో లేదో తెలీదు.

ప్రసూనది ఉప్పుకొటారు వీధి. ఒకప్పుడు అక్కడ ఉప్పు నిలవచేసేవారట. ఇప్పుడు నీళ్ళు నిలవుంటున్నాయి. ఊరి మురుగంతా సముద్రం వైపు తీసుకుపోయే కాలువ ఆ వీధి చివర పూడిపోయింది. గట్టి వాన పడితే నీళ్ళు వీధిలోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి గదిలోకి పిలవని పేరంటంలా వచ్చేస్తాయి. ప్రసూన తల్లి కుట్టుమిషను ఏడాది పొడుగునా ఇటుకల మీదే ఉంటుంది. అంత ఎత్తున కూర్చుని కుట్టీ కుట్టీ ఆవిడకి నడుం పట్టేసింది. బజ్జీల బండి దాలమ్మ పిన్ని, వెల్డింగు షాపు ఖాసిం బాబాయ్, ఆటో నడిపే యేసుపాదం మావయ్య, ఇలా ఆ వీధిలో అన్ని రకాల మనుషులూ ఉన్నారు. నీళ్ళు మాత్రం ఒక్క రకమే. ఆ కాలువ బాగుచేయించాలన్న ఒక్క కోరికతో ప్రసూన ఈ చదువులో చేరింది.

మొదటి సెమిస్టరంతా త్రివిక్రమం గారు విదేశీ నగరాల బొమ్మలు చూపించారు. జనం సైకిళ్ళ మీద నవ్వుకుంటూ పోతున్నారు, మేడల మీద మొక్కలు పెరుగుతున్నాయి. "సుస్థిరత అనేది ఒక జీవన దృక్పథం" అని చెప్పి ఆయన ఏసీ గదిలోంచి ఏసీ కారులోకి వెళ్ళిపోయేవారు. రెండో సెమిస్టరులో బొమ్మలు అవే, సైకిళ్ళ రంగులు మారాయి. "మురుగు ఎటు పోతుందండీ?" అని ప్రసూన ఒకసారి అడిగింది. అది సిలబస్‌లో లేదన్నారు.

చివరి సెమిస్టరులో మాత్రం దేవుడు కరుణించాడు. విద్యార్థి తయారుచేసిన ప్రాజెక్టుని విశ్వవిద్యాలయం ఆమోదిస్తే, వానలకి ముందే పురపాలక సంఘం నిధి కేటాయించి ఆ పని చేసి పెట్టేట్టు ఒప్పందం కుదిరింది. ప్రసూన వీధంతా తిరిగింది. కాలువ ఎక్కడ పూడిందో, ఎంత లోతు తవ్వాలో, నీరు ఎటు వాలుతుందో గీసుకుంది. ఆ కాయితాలు పట్టుకుని సెక్షనుకి వెళ్ళింది.

సెక్షను సూపరింటెండెంట్ కోదండపాణి గారు కళ్ళజోడు ముక్కు మీదికి దింపి, కాయితాలు వదిలేసి ప్రసూనని చూశారు.

"ఏ శాఖమ్మా?"

"సామాజిక వర్గ అభివృద్ధి అండీ."

"కదా. మరి ఏ వర్గాన్ని అభివృద్ధి చేద్దామని? దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదిలేశావు."

"వర్గమేం లేదండీ. మురుగు కాలువ."

"కాలువ సంగతి తరువాత. కాలువ ఎవరికి?"

"వీధిలో ఉన్న అందరికీ అండీ."

"అందరూ అంటే ఏవిట్లు?"

"అందరూ అంటే అందరూనండీ."

కోదండపాణి గారు నిట్టూర్చారు. ఏవిట్లు అని కులం అడిగిన ఆయన సర్వీసులో ఎన్నో కులాల పేర్లు చూశారు. గట్టిగా చెప్పేవాళ్ళని చూశారు, గొణిగేవాళ్ళని చూశారు. కొత్త పేరు వినబడినప్పుడల్లా తెల్లమొహం వేస్తే సూపరింటెండెంట్ ఎలా అవుతారు? పెన్ను టోపీ తీసి గడిలో గుండ్రంగా "అందరూ" అని రాశారు.

"ఉపశాఖలేమైనా ఉన్నాయా?"

"దేంట్లోనండీ?"

"అందరూల్లో. పెద్ద అందరూ, చిన్న అందరూ, అలాగ."

"లేవండీ," అంది ప్రసూన. ఆయన హాస్యమాడుతున్నారనుకుని నవ్వింది కూడా. ఆ నవ్వే కొంప ముంచింది. నవ్వుతూ చెప్పింది కనుక నిజమేనని ఆయన ముద్ర కొట్టేశారు.

ప్రాజెక్టుల సమీక్షా సంఘం సమావేశమైనప్పుడు రిజిస్ట్రారు గారు కాయితం ఎత్తి పట్టుకుని, "సదరు పత్రమునందు పేర్కొనబడిన వర్గము ఆమోదిత జాబితాయందు కానరాకున్నది" అని ప్రకటించారు. అప్పుడు ప్రశ్న పుట్టింది. తప్పు పత్రానిదా, జాబితాదా? పత్రం మీద సెక్షను ముద్ర ఉంది. ముద్ర పడిన పత్రం తప్పు కావడానికి వీల్లేదు. కనుక జాబితాయే తప్పు. అంటే ఇన్నాళ్ళుగా ఒక వర్గం వర్గమంతా ప్రభుత్వం కళ్ళబడకుండా ఉండిపోయిందన్నమాట. సభ్యుల గుండెలు బరువెక్కాయి. ప్రసూనని పిలిపించారు.

"అమ్మా, మీ అందరూ వర్గం ఎంతకాలంగా విస్మరణకు గురవుతున్నది?"

"అయ్యో, అందరూ అంటే వర్గం కాదండీ. ఇక్కడ కూర్చున్న మీరు కూడా అందరిలో వాళ్ళే."

రిజిస్ట్రారు గారి మొహం జేవురించింది. "నేనా? అందరిలోనా? మా తాతగారి పేరు చెబితే ఈ జిల్లాలో తెలుస్తుందమ్మా మేమెవరమో!"

త్రివిక్రమం గారు చెయ్యెత్తి ఆయన్ని శాంతింపజేశారు. ఆయనకి అప్పటికే దూరాన ఒక అధ్యయన పీఠం, దానికి సంచాలకుడి కుర్చీ, కుర్చీ వెనక తెల్ల తువ్వాలు కనబడుతున్నాయి. "ఆగ్రహించకండి. తమ ఉనికిని తాము చాటుకోకపోవడం, పరులను సైతం తమలో కలుపుకోవాలని చూడడం, ఇవి అందరూ వర్గపు సహజ లక్షణాలని నా ప్రాథమిక పరిశీలన."

అందరూ వర్గ అధ్యయన పీఠం ఏర్పాటైంది. కాలువ విషయం "పీఠస్థాపనానంతరము పరిశీలింపబడును" అని తీర్మానంలో చివరి పంక్తిగా రాశారు.

పీఠం తరఫున జరిగిన మొదటి సదస్సులో త్రివిక్రమం గారు చరిత్రను తవ్విపోశారు. కాలువ తవ్వడం కన్నా అది తేలిక. "ఏ పాత దానశాసనం చూసినా, ఈ ధర్మమును అందరూ కాపాడవలెను అని ఉంటుంది. అనగా ధర్మరక్షణ వీరి కులవృత్తి. ఇక సామెతలకు వద్దాం. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు? అందలం ఎక్కగల స్తోమత ఈ వర్గానికి ఉండేదని జానపదుడు కుండబద్దలు కొట్టాడు. మోసేవాళ్ళకే కరువొచ్చిందంటే వీరి సంఖ్యాబలం ఊహించండి! అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. అనగా వీరికి ప్రత్యేకంగా ఒక ఆస్థాన బల్లి ఉండేది!"

చప్పట్లతో హాలు మారుమోగింది. అంత గొప్ప చరిత్ర ఉన్న కులం, దానికింకా నాయకుడు లేడు అంటే ఎవరికి నోరూరదు? ముందు వరసలో కూర్చున్న రోడ్ల కంట్రాక్టరు భూపతిబాబు కళ్ళ నీళ్ళు పెట్టుకుని లేచారు. చనిపోతూ తన ముత్తాత ఏదో చెప్పబోయి చెప్పలేకపోయారని, అది ఇదేనని ఇప్పుడు అర్థమైందని అన్నారు. ఆయన వెనక ఆయన తమ్ముళ్ళు, ఆయన దగ్గర పనిచేసే మేస్త్రీలు, వాళ్ళ వెనక ఇంకొందరు లేచారు. చరిత్ర కావలసినవాళ్ళందరికీ పీఠం అక్కడికక్కడే చరిత్ర రాసిచ్చింది.

అంతలో వెనక వరసలోంచి ఎవరో లేచి, "మరి అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం అన్న మాటో?" అన్నారు. గొడవ అక్కడ మొదలైంది. అందరూలు శాకాహారులని సామెత మొదటి సగం సాక్ష్యం. కాదని రెండో సగం సాక్ష్యం. భోజనాల వేళకి శాకాహార అందరూలు ఒక పంక్తిలో, రొయ్యల అందరూలు ఒక పంక్తిలో కూర్చున్నారు. పొద్దున ఆ హాల్లోకి వచ్చినప్పుడు వాళ్ళలో ఒక్కడు కూడా అందరూ కాదు. సాయంత్రానికి చీలిపోయారు కూడా. రొయ్యల వారు బయటికి నడిచి "అంతా" అనే పేరుతో వేరే వర్గంగా నమోదు చేసుకున్నారు. వాళ్ళలోంచి మళ్ళీ ఒక చిన్న ముక్క విడిపోయి "ప్రతి ఒక్కరూ" అయింది.

అఖిల అందరూ సంక్షేమ సంఘానికి భూపతిబాబు అధ్యక్షులయ్యారు. ప్రసూన ప్రాజెక్టుకి కేటాయించిన నిధి అందరూల కోసమే కనుక అది సంఘానికి బదిలీ అయింది. దానితో అందరూ భవనం కట్టాలని తీర్మానించారు. ఊళ్ళో ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలం ఒక్కటే. ఉప్పుకొటారు వీధి చివర, సరిగ్గా కాలువ నోటి మీద.

ప్రసూన పరుగున త్రివిక్రమం గారి దగ్గరికి వెళ్ళింది. "సార్, కాలువ మీద పునాది పోస్తున్నారండీ!"

"అమ్మాయీ, నీ ప్రాజెక్టు మొదటి వాక్యం ఏమిటి?"

"ఈ పని వల్ల అందరికీ మేలు జరుగుతుంది అనండీ."

"జరుగుతోందిగా," అన్నారాయన.

పునాది ఎత్తుగా లేచింది, దాని మీద భవనమూ లేచింది. కాలువలో మిగిలిన కాస్త సందూ దానికింద పోయింది. భవనం ముందు అందరూ వర్గ మూలపురుషుడి విగ్రహం కూడా పెట్టారు. ముఖం ఎవరి పోలికలో ఉండాలో తేలక ముఖం చెక్కడం వాయిదా వేశారు. గేటు మీద బోర్డు మాత్రం పెద్ద అక్షరాలతో వెలిసింది: "అందరూలకు మాత్రమే ప్రవేశం."

వీధిలో వాళ్ళు ఇదంతా చూశారు. దాలమ్మ పిన్ని శనగపిండి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ ప్రసూన ఇంటికొచ్చింది. "ఏవే అమ్మాయ్, ఆ అందరూలోకి మమ్మల్నీ ఎక్కించెయ్యరాదా? అందులో ఉన్నోళ్ళకైతే కాలవ తవ్వుతారంట గందా."

అదీ నిజమే అనిపించింది ప్రసూనకి. వీధి వీధంతా తహసీల్దారు ఆఫీసుకి కదిలింది. అక్కడ దాలమ్మని అడిగారు, "మీ నాన్న అందరూయేనా?"

"మా నాన్న అందరికీ కావల్సినోడు బాబూ."

"అనగా అందరూలకు బంధువు. స్వయముగా అందరూ కాడు. తిరస్కరించడమైనది."

ఖాసిం బాబాయ్ వంతు వచ్చింది. "నేను అందరికీ వెల్డింగు చేత్తానండి. ఊళ్ళో ఏ గేటు సూసినా నా సెయ్యే."

"అందరూలకు సేవ చేయు వృత్తివాడు. అందరూ కాడు. తిరస్కరించడమైనది."

యేసుపాదం మావయ్య అందరితోపాటు నిలబడ్డానన్నాడు. తోడుగా నిలబడినవాడే తప్ప వర్గీయుడు కాడన్నారు. చివరికి ప్రసూన, "నేనూ అందరిలో ఒకర్తెనేనండీ" అంది.

తహసీల్దారు గారికి జాలి కలిగింది. "ఒకర్తెవి అందరూ ఎలా అవుతావమ్మా? చదువుకున్న పిల్లవి, ఆలోచించు."

ఆ విధంగా ఉప్పుకొటారు వీధిలో ఒక్కరు కూడా అందరూ కారని అధికారికంగా తేలింది. తిరిగొచ్చేటప్పుడు వెళ్ళినట్టు గుంపుగా రాలేదు. ఎవరి తిరస్కరణ కాయితం వాళ్ళు మడిచి జేబులో పెట్టుకుని విడివిడిగా వచ్చారు. ఆ రోజు నించీ ఆ వీధిలో "మేము", "మీరు" అనే మాటలు ఎక్కువగా వినబడసాగాయి. మీ వైపు నించే నీళ్ళు మా వైపు వస్తున్నాయని దాలమ్మ యేసుపాదంతో మొదటిసారి గొడవ పెట్టుకుంది.

తరువాత వైస్ ఛాన్సలరు గారికి కష్టం వచ్చింది. స్నాతకోత్సవంలో ఆయన అలవాటు కొద్దీ "సభకు విచ్చేసిన అందరికీ నమస్కారం" అన్నారు. అంతా వర్గం వారు లేచి బయటికి వెళ్ళిపోయారు. నమస్కారం ఒక వర్గానికే పెట్టడం ఏమిటని ప్రతి ఒక్కరూ వర్గం వారు కుర్చీలు విరగ్గొట్టారు. కుర్చీ విరిగిన శబ్దం విని అందరూలు తమ నమస్కారం తమకి పూర్తిగా అందలేదని ధర్నాకి కూర్చున్నారు. బస్సులో "అందరూ టికెట్ తీసుకోండి" అన్న కండక్టరుని సస్పెండ్ చేశారు. అందరూలు తప్ప తక్కినవాళ్ళు టికెట్ లేకుండా దిగిపోయారట. చివరికి ఉత్తర్వు వచ్చింది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అందరూ, అంతా, ప్రతి ఒక్కరూ అను పదములు గౌరవనీయ వర్గముల పేర్లు గనుక, వాటిని సామాన్యార్థమున వాడుట నిషిద్ధము. అతిక్రమించినవారు శిక్షార్హులు. ప్రత్యామ్నాయ పదమును సూచించుటకై ఉపసంఘము నియమింపబడినది." ఆ ఉపసంఘం ఇప్పటికీ టీలు తాగుతోంది.

ఈ హడావుడిలో ప్రసూన మౌఖిక పరీక్ష జరిగింది. బయటి నించి వచ్చిన పరీక్షకులు ఆమె ప్రాజెక్టు మూసి పక్కన పెట్టారు. "నువ్వు అందరూవి కాదని తహసీల్దారు ధ్రువీకరించారు. మరి అందరి గురించి రాసే అధికారం నీకెవరిచ్చారు?"

"నేను రాసింది కాలువ గురించండీ."

"కాలువ ఎక్కడుంది? అక్కడున్నది భవనం," అన్నారు వారు. అది మాత్రం నిజం. ప్రసూన డిగ్రీ పెండింగులో పెట్టారు.

ఆ తరువాత వాయుగుండం వచ్చింది.

తెల్లారేసరికి ముసురు, పదిగంటలకి కుండపోత. మధ్యాహ్నానికి వీధి కనబడలేదు. నీళ్ళు ఎప్పటిలా సముద్రం వైపు పోయి, భవనం పునాదికి తగిలి, వెనక్కి తిరిగాయి. ప్రసూనా, తల్లీ కలిసి కుట్టుమిషను ఎత్తి మంచం మీద పెట్టారు. ఇంతలో పురపాలక సంఘం వారి మైకు మోగింది. అందులో మోగేది తుఫాను వచ్చినప్పుడల్లా వేసే పాత రికార్డే. "అందరూ వెంటనే ఇళ్ళు ఖాళీ చేసి ఎత్తైన ప్రదేశాలకు తరలివెళ్ళవలెను. అందరూ వెంటనే..."

ప్రసూన వీధిలోకి తొంగి చూసింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఒక్కరూ కదల్లేదు. ఆమె తొడల్లోతు నీళ్ళలో దిగి దాలమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"పిన్నీ! మైకు వినబడ్డంలేదా?"

"ఇనబడకేం. అందరూలని ఎల్లిపొమ్మంటన్నారు. మాకేటి? మాకు కాయితం ఇవ్వలేదు గందా." దాలమ్మ మంచం మీద మంచం వేసుకుని, పైన బజ్జీల బాణలి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హాస్యానికి అనడం లేదు. ఆఫీసు చెప్పిన మాట ఆవిడ నిజంగానే నమ్మింది.

ప్రసూన వీధి మధ్యకి వచ్చి గొంతు చించుకుంది. "బాబాయ్! మావయ్యా! బయటికి రండి! అంద..."

"ఆ మాటనకమ్మా!" ఖాసిం బాబాయ్ డాబా మెట్ల మీంచి కేకేశాడు. "కేసవుద్ది!"

ఆమె నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. అంతా అందామంటే అది రొయ్యల వాళ్ళది. ప్రతి ఒక్కరూ అందామంటే దానికీ ఒక సంఘం ఉంది. నీళ్ళు నడుం దాకా వస్తున్నాయి. రెండేళ్ళు అభివృద్ధి చదివింది, తోటి మనుషుల్ని పిలవడానికి ఒక్క మాట మిగల్లేదు. ప్రసూనకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపులో, చిన్నప్పుడు బడికి వెళ్ళేటప్పుడు పక్కింటి పిల్లల్ని పిలిచినట్టు అరిచింది.

"మనం పోదాం రండే! పిన్నీ, మనం పోదాం! బాబాయ్, మనం ఇక్కడుంటే చచ్చిపోతాం!"

ఆ మాట ఎవరిదని ఎవరూ ఆలోచించలేదు. దానికి కాయితం ఉందా అని అడగలేదు. "మేము" అంటే ఎదుటివాడు బయట ఉంటాడు. "మనం" అంటే విన్నవాడు విన్నట్టే లోపలికి వచ్చేస్తాడు. తలుపులు తెరుచుకున్నాయి. యేసుపాదం మావయ్య ఆరోజు గొడవ మరిచిపోయి దాలమ్మని వీపు మీద ఎక్కించుకున్నాడు. బాణలి వదలనంటే బాణలితో సహా ఎక్కించుకున్నాడు. ఖాసిం బాబాయ్ కుట్టుమిషను భుజాన వేసుకున్నాడు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వీధి చివరికి నడిచారు. అక్కడ ఎత్తుగా ఉన్నది ఒక్కటే, వాళ్ళని ముంచిన అందరూ భవనం.

గేటు దగ్గర వాచ్‌మన్ సింహాచలం గొడుగు కింద నిలబడి ఉన్నాడు. పక్క వీధివాడే. కానీ డ్యూటీ డ్యూటీ.

"ఆగండాగండి. ఏవిట్లు మీరు?"

"మనమే, సింహాచలం మావయ్యా," అంది ప్రసూన.

సింహాచలం బోర్డు వైపు చూశాడు. లోపలికి రానివ్వకూడని వర్గాల జాబితా అతనికి కంఠతా వచ్చు. దాన్ని ఒకసారి పెదాల మీద తిప్పుకున్నాడు. అందులో ఈ పేరు లేదు. నీళ్ళు అతని బూట్లలోకి దిగుతున్నాయి.

"మనవా?" అన్నాడు. "మనవైతే ఇంకేటి? రండి, రండి." రెండు రెక్కలూ బార్లా తీసి తనూ వాళ్ళతోపాటు లోపలికి వచ్చేశాడు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. కోదండపాణి గారు పంట్లాం మోకాళ్ళ పైకి మడిచి, సహాయ పత్రాలతో భవనం మెట్లెక్కారు. వెనకే త్రివిక్రమం గారు, మెడలో కెమెరా.

"అదృష్టవంతులమ్మా. మనిషికి పాతిక కిలోల బియ్యం మంజూరైంది," అన్నారు కోదండపాణి గారు. ఆయన నిజంగానే సంతోషించారు, చెడ్డమనిషి కాదు. "ఒక్క గడి నింపితే చాలు. రక్షింపబడిన సామాజిక వర్గము." పెన్ను టోపీ తీశారు.

"అందరూలు కాదని మాకు తెలుసు," అన్నారు త్రివిక్రమం గారు మెత్తగా. "ఏదో కొత్త పేరు చెబితే వాచ్‌మన్ గేటు తీశాడని ఊరంతా అనుకుంటున్నారు. ఏమోయ్, ఏమిటా పేరు?"

సింహాచలం తల గోక్కున్నాడు. "వాన హోరండి. సరిగ్గా ఇనబళ్ళేదండి."

త్రివిక్రమం గారు ప్రసూన దగ్గరికి జరిగారు. ఆయన కళ్ళలో రెండో పీఠం, రెండో తువ్వాలు మెరుస్తున్నాయి. "అమ్మాయీ, ఆ ఒక్క మాట చెప్పు. నీ డిగ్రీ సాయంత్రానికి నీ చేతిలో ఉంటుంది. ఆ వర్గం చరిత్ర నేను రాస్తాను."

ప్రసూన కోదండపాణి గారి పెన్ను వైపు చూసింది. గడి మీద ఆగి ఉంది. ఇంతకుముందు ఒకసారి ఆ పెన్ను ముందు నవ్వుతూ ఒక మాట చెప్పింది. ఆ మాట ఇప్పుడు గేటు మీద బోర్డై కూర్చుంది. తల్లి మూలన కుట్టుమిషను తుడుచుకుంటోంది. బియ్యం కావాలి. డిగ్రీ కావాలి. రెండూ నాలిక చివరే ఉన్నాయి.

"ఎవరమ్మా మీరు? త్వరగా చెప్పాలి, నాకింకా నాలుగు వీధులున్నాయి," అన్నారు కోదండపాణి గారు.

వెనక నించి దాలమ్మ బాణలితో ముందుకి వచ్చింది. పెద్దాయన అంత మర్యాదగా అడుగుతుంటే ఈ పిల్ల బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డం ఆవిడకి నచ్చలేదు. "ఏటే, సెప్పడానికేటి సిగ్గు? ఎవరేటి బాబూ, ఇంకెవరం? మ..."

ప్రసూన ఎగిరి వెళ్ళి రెండు చేతులతో ఆవిడ నోరు మూసేసింది.